వేట బంగళా వెనుక వరుస

నేను పుట్టింది నారాయణగూడలో. పెరిగింది చిక్కడపల్లిలో. ఇప్పుడు ఉంటున్నది అశోక్‌నగర్‌లో, మూడో అంతస్తులో, కిరాయికి. అరవై దాటిన మనిషి చేసిన ప్రయాణం మొత్తం ఇంతేనా అంటే ఇంతే. ముప్పై ఏళ్ళకు పైగా ఒక ఇంజనీరింగ్ కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. నేను గీసిన ప్లాన్లతో ఎన్ని బడులు లేచాయో, ఎన్ని ఆఫీసులు లేచాయో నాకే గుర్తులేదు. ఒక్కదాని మీదా నా పేరు లేదు. గీసేది మేము, సంతకం పెట్టేది పైవాళ్ళు. ప్రారంభోత్సవం రాయి మీద ఊరూ పేరూ తెలియనివాళ్ళ పేర్లన్నీ చెక్కుతారు, మమ్మల్ని మాత్రం పిలవను కూడా పిలవరు. ఈ ఏడుపు ముందే ఏడవడానికి కారణం ఉంది. తర్వాత నేను చేసిన పని ఎందుకు చేశావని ఎవరైనా అడిగితే, నా దగ్గర ఉన్న జవాబు ఇదొక్కటే.

రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, హైదర్‌గూడలో ఆఫీసు ఉన్న ఒక ఆర్కిటెక్టు దగ్గర చేరాను. ఆమెది నా కూతురంత వయసు. వాళ్ళది కోస్తా వైపు కుటుంబం, తాతల కాలంలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. పాత కట్టడాలను బాగుచేయడం ఆమె వృత్తి. ఆ కట్టడం కొలతలు తీసి, ఏ గోడ ఎప్పటిదో, ఏ కప్పు ఎప్పుడు వేశారో, దేని తర్వాత ఏది కట్టారో రాసి ఇవ్వడం నా పని. దాన్ని కట్టడం చరిత్ర అంటారు. ఆమె నన్ను మాస్టారూ అని పిలిచేది. అప్పటికి నేను ఎవరికీ ఒక్క పాఠం చెప్పినవాణ్ణి కాను. అయినా ఆ పిలుపు నచ్చింది కాబట్టి వద్దనలేదు.

అలా వచ్చిందే వేట బంగళా పని. నగరం నుంచి కారులో మూడు గంటలు. ఒకప్పుడు అక్కడ అడవి ఉండేదట, ఇప్పుడు పత్తిచేలు, గట్ల మీద నాలుగు మోదుగు చెట్లు. ఊళ్ళోవాళ్ళు దాన్ని షికారు బంగ్ల అంటారు. ఒక జాగీర్దారు తన అతిథులను వేటకు తీసుకొచ్చి దింపడానికి కట్టించింది. ఆయన మునిమనవలు ఇప్పుడు నగరంలో ఉంటారు. బంగళాను బాగుచేయించి సెలవులకు వచ్చేవాళ్ళకు గదులుగా ఇవ్వాలని వాళ్ళ ఆలోచన. ఆర్కిటెక్టు వాళ్ళతో ఒక మాట అనుకుంది. మొదట కట్టినది ఏదైతే ఉందో అందులో ఒక్క ఇటుక కూడా కదపకూడదు. తర్వాత అతికించినవి తీసేయవచ్చు. న్యాయమైన మాటే. ఏది అసలుది, ఏది అతుకు అని తేల్చేవాణ్ణి నేను.

మొదటిసారి చూసినప్పుడు నిజంగా మురిసిపోయాను. ఎత్తైన రాతి అరుగు మీద పొడుగాటి హాలు, దాని ముందు ఏడు కమానుల వరండా. గోడలు రెండడుగుల మందం, రాయీ గానుగ సున్నమూ. కప్పుకు టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన ఇటుకలు. హాలు గోడకు, చేతికి అందని ఎత్తులో, వరుసగా కొయ్య మేకులు ఉన్నాయి. వేటాడిన జంతువుల కొమ్ములు వాటికి తగిలించేవాళ్ళు. కొమ్ములు ఎప్పుడో పోయాయి, మేకులు మిగిలాయి. ఒక మూల నుంచి ఇరుకు మెట్లు ఎక్కితే నాలుగు వైపులా కిటికీలున్న చిన్న గదిలోకి వెళ్తాం. అక్కడ కూర్చుంటే వాగుకు నీళ్ళు తాగడానికి వచ్చే దుప్పులు కనపడేవట. ఆ గది హాలు కట్టిన చాలా ఏళ్ళకు లేపింది, ఎందుకంటే దాని గోడ కింద పాత కప్పు పిట్టగోడ అలాగే ఉంది. పడమటి వైపు స్నానాల గది ఇంకా తర్వాతిది, అక్కడి ఇటుక సైజే వేరు. ఇలాంటివి పసిగట్టడంలో నన్ను మించినవాడు లేడని నాకో నమ్మకం ఉండేది.

హాలు వెనుక, గోడకు గోడ ఆనుకుని, అయిదు గదుల మట్టి వరుస ఒకటి ఉంది. పైన గూన పెంకులు, ముందు మోకాలెత్తు అరుగు. అందులో ఒక ముసలామె, ఆమె కొడుకు కుటుంబం ఉంటున్నారు. వేట రోజుల్లో డప్పులు కొట్టి, కేకలు పెట్టి, జంతువును తుపాకీకి ఎదురుగా తోలేవాళ్ళ వంశం వాళ్ళది. వేటలు ఆగిపోయాక బంగళా తాళాలు, చీపురు, దీపం అన్నీ ఆ కుటుంబమే చూసుకుంటూ వచ్చింది. వాళ్ళ దగ్గర కాగితం ముక్క కూడా లేదు. ఆ వరుస అసలు కట్టడంలో భాగమైతే నిలబడుతుంది, వాళ్ళూ అక్కడే ఉంటారు. అతుకని తేలితే కూలుస్తారు, వాళ్ళు లేచిపోవాలి. ఈ సంగతి ఆ ముసలామెకు తెలుసు, నాకూ తెలుసు.

ఊరంతా ఆమెను అవ్వ అంటారు. మా అమ్మ ఈడుదే అయినా నేనూ అలాగే పిలిచాను. నేను వెళ్ళిన మొదటి రోజే ఆమె నా వెంట పడింది. టేపు ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస ఆమె పట్టుకుంది. హాలు వెనుక గోడ దగ్గరికి రాగానే ఆగింది.

“జూడు సారూ, ఈడ గోడ వంగింది. ఎందుకు వంగిందో చెప్పు.”

చూశాను. నిజమే. అంత దూరం సూటిగా వచ్చిన గోడ, మట్టి వరుసలో మొదటి గది దగ్గర ఒక మూర లోపలికి తిరిగి, గది దాటాక మళ్ళీ సూటిగా పోయింది.

“మేస్త్రీ దారం సరిగ్గా పట్టలేదేమో అవ్వా” అన్నాను.

“గంత పెద్ద బంగ్ల కట్టినోనికి దారం పట్టుడు రాదా? మా ఇల్లు అడ్డమొచ్చింది, అందుకే జరిగిండు. మా ముత్తాత జాడ చెప్తెనే దొరకు జంతువు దొరికేది. గాయన ఇల్లు కూలగొడితె మల్ల జాడ ఎవలు చెప్తరు? ఇల్లు ఉండనియ్యి, గోడనే జరుపు అన్నడంట దొర.”

నోటుపుస్తకం తీసి ఆమె ఎదురుగానే రాసుకున్నాను. పైన స్థానికుల కథనం అని శీర్షిక పెట్టాను. మా పనిలో ఆ శీర్షిక కింద రాసిన దాన్ని ఎవరూ చదవరు, రాసినవాడు కూడా మళ్ళీ చూడడు.

ఆమె మాట కంటే గట్టి ఆధారం నా చేతిలో ఉందనుకున్నాను. సున్నం పొరలు. మా నారాయణగూడ ఇంట్లో ప్రతి దసరాకు ముందు సున్నంలో నీలిమందు కలిపి గోడలకు వేసేవాళ్ళు. పాతదాని మీదే కొత్తది. మేకు కొడితే పలకలు పలకలుగా ఊడేది. అంచేత పొరలంటే నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పాత గోడను ఒక మూల బ్లేడుతో మెట్లు మెట్లుగా గీకి, భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో ఏటి సున్నం ఒక్కో పొరగా, ఉల్లిపాయలాగా కనపడుతుంది. ఎన్ని పొరలుంటే సుమారు అన్నేళ్ళు. హాలు గోడలో లెక్కపెట్టడం మొదలుపెడితే డెబ్భై దాటాక కళ్ళు మసకలు కమ్మాయి. వెనుక వరుసలో మూడు గదుల్లో గీకాను. మూడింటిలోనూ నాలుగంటే నాలుగే పొరలు. వాటి కింద ఎర్రమన్ను.

నేను గీకుతుంటే అవ్వ గడపలో కూర్చుని చూస్తోంది.

“ఏం దేవులాడుతున్నవ్ సారూ?”

“నీ ఇంటి వయసు అవ్వా.”

“గోడనెందుకు అడుగుడు? నన్నడుగు, చెప్త” అని నవ్వింది.

నేనూ నవ్వాను, కాని అడగలేదు. ఈ గోడకు ఏం పూస్తావు అవ్వా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. మధ్యాహ్నం జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టింది. బాగుందని ఇంకో రొట్టె అడిగి మరీ తిన్నాను. తర్వాత చేయి కడుక్కుని, బ్లేడు తుడిచి సంచీలో పెట్టుకుని, కారెక్కి వచ్చేశాను.

చిక్కడపల్లిలో గ్రంథాలయానికి పోయి, కిటికీ పక్క బల్ల మీద కూర్చుని ఆ చరిత్ర రాశాను. అక్కడ పోటీ పరీక్షల పిల్లలు పొద్దున తలుపు తీయకముందే వచ్చి సంచులతో సీట్లు ఆపుకుంటారు. వాళ్ళ మధ్య తలనెరిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇరవై రోజులు పట్టింది. మొదట హాలు, వరండా. చాలా ఏళ్ళకు పై గది. ఆ తర్వాత స్నానాల గది. చిట్టచివర, వేటలు సన్నగిల్లిన రోజుల్లో, పనివాళ్ళు తమ కోసం వేసుకున్న మట్టి వరుస. వాక్యాలు ఒకదాని వెనుక ఒకటి చక్కగా వచ్చాయి. దొర ముందు వచ్చాడు, పనివాళ్ళు తర్వాత వచ్చారు. అది అలా కాక ఇంకోలా ఎలా ఉంటుందని నాకు తోచనే లేదు. ప్లాను మీద అసలు గోడలను నల్ల సిరాతో, అతుకులను ఎర్ర పెన్సిలుతో నింపడం మా పద్ధతి. వెనుక వరుస అయిదు గదులూ నా చేత్తోనే ఎర్రగా నింపాను.

హైదర్‌గూడ ఆఫీసులో ఆర్కిటెక్టు ఆ ప్లాను బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది.

“మాస్టారూ, ఈ వెనుక గోడ ఇక్కడ వంకర తిరిగిందేంటండీ? వెనుక వరుస తర్వాత కట్టిందైతే హాలు గోడ దానికోసం ఎందుకు పక్కకు జరుగుతుంది?”

పల్లెలో అవ్వ అడిగిన ప్రశ్నే ఇక్కడ చదువుకున్న పిల్ల అడిగింది. అప్పుడైనా నేను ఆగి ఆలోచించాల్సింది.

“మేస్త్రీ పొరపాటండీ. పల్లెటూరి కట్టడాల్లో ఇలాంటివి మామూలే. సున్నం పొరలు నాలుగే ఉన్నాయి కదా” అన్నాను.

“సరే మాస్టారూ, మీరు దగ్గరుండి చూశారు. మీ మాటే ఖాయం చేద్దాం” అంది.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మకు ఫోనులో బంగళా ఫొటోలు చూపిస్తూ కూర్చున్నాను. అమ్మకు ఎనభై దాటాయి, కాని కళ్ళూ చెవులూ నాకంటే నయం. నా గొప్పలు వినే ఓపిక మా ఆవిడకు ఎప్పుడో పోయింది, ఇప్పుడు వింటున్నది అమ్మ ఒక్కతే. కమానులు చూసి మంచిగున్నయి అంది. కొయ్య మేకులు చూసి, గంత ఎత్తుల ఎట్ల తగిలేసిన్రు అంది. వెనుక వరుస ఫొటో రాగానే ఫోను నా చేతిలోంచి లాక్కుంది.

“ఇది ఎవలిల్లు రా? మా ఇల్లు లెక్కనే ఉన్నది.”

మా ఇల్లు అంటే ఆమె పుట్టిల్లు. ఏడెనిమిదేళ్ళప్పుడు ఒకసారి చూశాను. మట్టి గోడలు, వంగి దూరాల్సిన తలుపు. సెలవులయ్యాక నారాయణగూడ బళ్ళో మా తాతది రెండంతస్తుల మేడ అని చెప్పాను. పక్క బల్లవాడు మేడకు ఎన్ని మెట్లని అడిగితే మెట్ల లెక్క కూడా చెప్పాను. ఆ అబద్ధం నాతోపాటే పెరిగి పెద్దదై నా పెళ్ళిచూపుల దాకా వచ్చింది. మా ఆవిడ తరఫువాళ్ళు ఇప్పటికీ మా అమ్మ మేడలో పుట్టిందనే అనుకుంటారు. అమ్మ ఒక్కసారి కూడా ఆ మాట దిద్దలేదు. నా పరువు కోసం ఊరుకుందని నాకు తెలుసు.

“పనివాళ్ళు తర్వాత వేసుకున్న ఇల్లు అమ్మా. సున్నం నాలుగు పొరలే ఉన్నది” అన్నాను.

“మట్టింటికి సున్నమేందిరా? ఎర్రమన్ను పూస్తరు. మేం ఏడాదికోపారి పూస్తుంటిమి. నీళ్ళు జల్లి, పాత పూతంత గీకేసి, గప్పుడు కొత్తది పూసుడు. గీకకుంటె కొత్తది పట్టదు, పెచ్చులు లేస్తది. మా అమ్మ గీకుతుంటె ఆ మన్నంత తట్టల ఎత్తిపోసుడు నా పని. చేతులు మంటలు లేస్తుండె.”

“మరి ఈ సున్నం?”

“ఈ నడుమ వేసుంటరు. దుకాన్ల పొట్లాల సున్నం వచ్చినంక అందరు గదే వేసిన్రు.”

ఏటేటా గీకి పారేసిన గోడలో పొరలు ఎక్కడి నుంచి వస్తాయి? నేను లెక్కపెట్టింది ఆ ఇంటి వయసు కాదు. ఆ ఇంటికి సున్నం వచ్చి ఎన్నాళ్ళయిందో అది మాత్రమే. ఇక గోడ వంకర సంగతి చెప్పనే అక్కర్లేదు. ముందే ఉన్న ఇంటిని తప్పించుకోవడానికి కొత్త గోడ పక్కకు జరుగుతుంది, ఇంకా కట్టని ఇంటి కోసం ఏ మేస్త్రీ గోడ వంచడు. ఆ వరుస బంగళా కంటే ముందే ఉంది. వేటకు వచ్చినవాళ్ళు మొదట అక్కడే దిగి ఉంటారు, తర్వాతే హాలు లేచి ఉంటుంది. అంటే అసలు కట్టడం ఆ మట్టి గదులే, నేను నల్ల సిరాతో నింపిన హాలే అతుకు. అవ్వ రెండు ముక్కల్లో చెప్పిన సంగతి ఇరవై రోజులు గ్రంథాలయంలో కూర్చున్న నాకు అందలేదు. పైగా అది నా సొంత తల్లి చేతులు మండేలా చేసిన పని. ఎన్నడూ అడగలేదు కాబట్టి నాకు తెలియలేదు. నామోషీ కాబట్టి అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆర్కిటెక్టుకు ఫోను చేశాను. రిపోర్టు ఆ మధ్యాహ్నం యజమానులకు వెళ్ళాలి. ఒక్క మాట చెబితే చాలు. నాలుగు వాక్యాలు మార్చి, ప్లాను ఇంకోసారి గీయడం, మొత్తం కలిపి ఒక పూట పని.

“మాస్టారూ, మీకు నూరేళ్ళు, నేనే చేద్దామనుకుంటున్నాను” అంది ఆమె. “రాత్రి యజమానులకు మీరు రాసింది ఫోనులో కొంత చదివి వినిపించానండీ. మీ చరిత్ర వాళ్ళకు తెగ నచ్చింది. పుస్తకంగా వేస్తారట. అట్ట మీద మీ పేరు ఉండాలని నేను గట్టిగా చెప్పాను, ఒప్పుకున్నారు. వెనుక వరుస తీసేస్తే హాలు నాలుగు వైపులా కనపడుతుందని సంబరపడుతున్నారు. ఇంతకీ మీరెందుకు చేశారు?”

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

“ఏం లేదమ్మా. ప్లాను ప్రింటు సరిగ్గా వచ్చిందో లేదో కనుక్కుందామని” అన్నాను.

ఆ నిమిషంలో అవ్వ నాకు గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. గడపలో కూర్చున్న ఆమె ముఖం, నేను అడిగి తిన్న రొట్టె, అన్నీ గుర్తొచ్చాయి. గుర్తొచ్చాకే ఆ మాట అన్నాను. అప్పటిదాకా జరిగింది పొరపాటు. అక్కడి నుంచి నేను చేసిందాన్ని పొరపాటు అనడానికి నాకే సిగ్గుగా ఉంది.

పది రోజుల తర్వాత అవ్వ కొడుకు ఫోను చేశాడు. “సార్, మా అమ్మ అడుగుమన్నది. గోడ ముచ్చట రాసిన్రా అని.”

“రాసిన, రాసిన” అన్నాను. అది అబద్ధం కాదు. నోటుపుస్తకంలో రాసే ఉంది. అతను పక్కకు తిరిగి, రాసిన్రంటనే అమ్మా, అని చెప్పడం నాకు వినపడింది. ఫోను పెట్టేశాక చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. కాగితం లేనివాళ్ళను ఎలాగూ లేపేవాళ్ళేలే అనుకున్నాను. కొడుకు ఎక్కడో ఓ చోట ఇల్లు చూసుకుంటాడులే అనుకున్నాను. గదులు కూల్చే ముందు ఫొటోలు తీయడానికి రమ్మని ఆర్కిటెక్టు పిలిస్తే జ్వరమని చెప్పాను. జ్వరం లేదు, ఏం లేదు. ఆ రోజు నారాయణగూడ చౌరస్తాలో నిలబడి మిర్చీ బజ్జీలు తిన్నాను.

పుస్తకం రావడానికి ఏడాది పైనే పట్టింది. బాగ్‌లింగంపల్లిలో ఒక చిన్న హాల్లో విడుదల చేశారు. శాలువా కప్పారు. అమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టాను. కమానుల గురించి, టేకు దూలాల గురించి, సున్నం పొరలు లెక్కపెట్టి వయసు చెప్పే పద్ధతి గురించి మాట్లాడాను. ఆఖరిది చెప్పేటప్పుడు ముందు వరుస వైపు చూడలేదు. చప్పట్లు బాగానే కొట్టారు. ఇంటికి వచ్చే ఆటోలో అమ్మ శాలువా మడత పెడుతూ, “మరి ఆ మట్టింటి ముచ్చట చెప్పలేదేందిరా?” అంది. బండ్ల చప్పుడుకు వినపడనట్టు ఉండిపోయాను. ఆమె మళ్ళీ అడగలేదు, శాలువా ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

పుస్తకం చివరి పేజీలో రంగుల ఫొటో ఉంది. కొత్త సున్నం వేసిన బంగళా, వెనుక పచ్చటి గడ్డి. గోడ వంకర స్పష్టంగా కనపడుతోంది. అది దేనికోసం వంగిందో ఆ ఇల్లు లేదు. ఆ పేజీ మళ్ళీ తెరవలేదు. అట్ట మాత్రం చాలాసార్లు చూసుకున్నాను, ఎందుకు దాచడం.

పుస్తకం వచ్చాక మా సందు చివర ఒక కోచింగ్ సెంటరు వాళ్ళు పిలిచి, మన ప్రాంతపు కట్టడాల గురించి వారానికొక క్లాసు చెప్పమన్నారు. ఒప్పుకున్నాను. నిజంగానే మాస్టారినయ్యాను. వాళ్ళు నా పుస్తకాన్ని బిట్లుగా విడగొట్టి నోట్సు తయారుచేశారు. అశోక్‌నగర్ జిరాక్సు షాపుల్లో దాని కట్టలు వేలాడుతుంటాయి. అందులో ఒక బిట్టు ఇది: వేట బంగళాలో అన్నిటికంటే చివర కట్టిన భాగం ఏది? ఒకటి, పై గది. రెండు, స్నానాల గది. మూడు, వెనుక వరుస. నాలుగు, వరండా. సరైన జవాబు మూడు. కింద ఆధారమని నా పుస్తకం పేరు.

మొన్న వానాకాలంలో ఒకరోజు క్లాసయ్యాక పిల్లలంతా టీ తాగడానికి కిందికి దిగారు. ఒక అమ్మాయి ఉండిపోయింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. నోట్సు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

“సార్, ఒక డౌటు. ఈ వెనుక వరుస నిజంగనే లాస్టుకు కట్టిందా సార్?”

“నోట్సులో ఉంది కదమ్మా.”

“ఉన్నది సార్. మాది గా ఊరే. గా అయిదు రూముల్లనే ఉంటుంటిమి. మీరొచ్చినప్పుడు నేను డిగ్రీ హాస్టల్ల ఉన్న. మా అవ్వనే మీకు టేపు పట్టిందంట.”

కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాను.

“అవ్వ ఎట్లుంది?” అన్నాను. ఏ ముఖం పెట్టుకుని అడిగానో నాకే తెలియదు.

“ఉన్నది సార్. ఊరి బయట రేకుల రూము ఏసుకున్నం. ఎండకాలం రేకుల కింద ఉండలేక బంగ్ల కాడ చెట్టు నీడకు పోయి కూసుంటది. గెస్టులు వస్తరని వాచ్‌మన్ లేపుతడు.” ఆమె గొంతులో కోపం లేదు. బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పింది. “మిమ్మల్ని యాది చేస్తుంటది సార్. సారు మంచోడు, రొట్టె ఇంకోటి అడిగి తిన్నడు అంటది. పుస్తకంల ఇట్ల ఉన్నదని నేను చదివి చెప్తె నమ్మలే. సారు నా ముందటనే రాసుకున్నడు, నేను కండ్లార చూసిన, అచ్చేసెటోళ్ళే ఎగరగొట్టి ఉంటరు అన్నది.”

తల కొట్టేసినట్టయింది. ఆ ముసలామె నా తరఫున వాదిస్తోంది, రేకుల కింద కూర్చుని. ఇక లోపల పెట్టుకోవడం నా వల్ల కాలేదు.

“అచ్చేసినవాళ్ళ తప్పు కాదమ్మా. మీ అవ్వ చెప్పిందే నిజం. ఆ వరుసే ముందు కట్టింది. రిపోర్టు పంపకముందే నాకు తెలుసు. నేనే చెప్పలేదు.”

ఈ మాట నేను ఆర్కిటెక్టుకు చెప్పలేదు, మా ఆవిడకు చెప్పలేదు, అమ్మకు కూడా నా నోటితో చెప్పలేదు. ఇప్పుడు ఈ పిల్ల ఏడుస్తుందని, తిడుతుందని, పదిమందినీ పిలిచి నిలదీస్తుందని ఎదురుచూశాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను. తిట్లు తింటే నాకు కొంచెం తేలికవుతుందని నా స్వార్థం.

ఆమె తల ఊపింది.

“మాకు ఎరకే సార్ అది. నేను అడిగేది అది కాదు.” నోట్సు నా ముందు తెరిచి ఆ బిట్టు మీద వేలు పెట్టింది. “ఇది ఎగ్జామ్ల వస్తె ఏది పెట్టాలె? మైనస్ మార్కులుంటయి సార్. పోయినపారి ఒక్క మార్కుతోని పోయింది నాది. ఈసారి కూడ పోతె ఇగ ఇంటికి రమ్మంటున్నరు.”

జవాబుల కీ తయారుచేసేవాళ్ళు నా పుస్తకమే చూస్తారు. ఆ బంగళా మీద ఇంకో పుస్తకం లేదు. నిజం రాస్తే ఈ పిల్లకు మార్కు పోతుంది, ఉన్న మార్కుల్లోంచి ఇంకొంత కోస్తారు. ఆమె పెన్ను తెరిచి పట్టుకుని నా నోటి వైపు చూస్తోంది.

“మూడు పెట్టమ్మా” అన్నాను.

ఆమె మూడు చుట్టూ సున్నా చుట్టి, థాంక్యూ సార్ అని చెప్పి, నోట్సు సంచీలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.